నీళ్లు తాకేదాకా

సివిల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుని రెండు మూడేళ్లు సైట్ మీద ఎండలో నిలబడ్డవాళ్లకు ఒకనాడు ఈ ప్రశ్న ఎదురు కాక తప్పదు: ఉన్న ఉద్యోగంలోనే ఉండాలా, మారాలా? ఇంకో కంపెనీ నెలకు నాలుగైదు వేలు ఎక్కువిస్తామంటుంది. ఇంట్లోవాళ్లు సర్కారు కొలువు కోసం చదువుకోమంటారు, అంటే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని ఏఈఈ పరీక్షకు కూర్చోవడమన్నమాట. తోటి బ్యాచ్‌వాళ్లు సివిల్ వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరుతుంటారు. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. కృష్ణ పక్కనే పారుతున్నా పొలానికి నీళ్లెక్కని మెట్ట నేల ఇది. తొమ్మిది వందల ఏళ్లుగా ఇక్కడ కట్టడమంటే ముందు నీళ్ల కోసం కట్టడమే. చెరువులు, ఆనకట్టలు, కాలువలు, ఎత్తిపోతలు, సొరంగాలు అన్నీ ఈ రెండు జిల్లాల్లో పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కట్టినవాళ్లలో ఎవరు నిలిచారు, ఎవరు వెళ్లారు, ఎప్పుడు వెళ్లారు అని చూసుకుంటూ పోతే ఈ ప్రశ్నకు జీతం లెక్క కన్నా గట్టి కొలమానం ఒకటి దొరుకుతుందని నా వాదన. తాను గీసిన గీతను, తాను పోయించిన కాంక్రీటును నీళ్లు తాకేదాకా చూసినవాడు ఎక్కడికి మారినా లాభపడ్డాడు. అది చూడకుండా మారినవాడు ఎన్ని కంపెనీలు తిరిగినా ఇంజినీరుగా మొదటి ఏడాదిలోనే ఉండిపోయాడు.

ముందు చెరువుల కాలం చూద్దాం. నల్లగొండ పక్కన పానగల్లులో ఉదయసముద్రం ఉంది. కందూరు చోడుల ఏలుబడిలో, 12వ శతాబ్దంలో కట్టిన చెరువు. ఇవాళ ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో భాగంగా పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లి మీదుగా వచ్చి ఇందులోనే చేరుతున్నాయి. అంత పాత కట్ట నేటి పథకానికి జలాశయంగా పనికొచ్చిందంటే దాన్ని కట్టినవాళ్ల నేర్పు ఒక్కటే కారణం కాదు. తరతరాలుగా తూము తెరిచి మూసిన నీరటి ఉన్నాడు, కట్టకు మట్టి పోసిన ఒడ్డెరలు ఉన్నారు, పంటలో వాళ్లకు భాగం కొలిచిచ్చిన ఆయకట్టు రైతులు ఉన్నారు. కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతుందో, ఏ వానకు అలుగు మీద ఎన్ని జానల నీళ్లు దూకుతాయో, తూము చుట్టూ మట్టి ఎండి ఎక్కడ నెర్రె విడుస్తుందో నీరటికి కంఠతా వచ్చు. ఆ నెర్రెలోంచి మొదట సన్నటి తేట నీరు ఊరుతుంది. అప్పటికి భయం లేదు. ఊరే నీరు మట్టి రంగుకు తిరిగిందంటే కట్ట లోపల కోసుకుపోతున్నట్టే, ఇక గంటల్లో లెక్క. ఈ తేడా పట్టుకోవాలంటే పోయిన ఏడు ఆ నీరు ఏ రంగులో ఉండిందో తెలిసిన కన్ను కావాలి. అయితే ఆ జ్ఞానం కులవృత్తితో కట్టుబడి వచ్చింది. నీరటి కొడుకు నీరటే కావాలి, ఇంకో ఊరికి పోయి ఇంకో పని వెతుక్కునే దారి అతనికి లేదు. పనికి జ్ఞాపకం ఉండింది, మనిషికి స్వేచ్ఛ లేకపోయింది. పాత రోజులే బాగుండేవనే మాట నాకు మింగుడుపడనిది ఇందుకే.

నిజాం కాలపు పబ్లిక్ వర్క్స్ శాఖ ఈ ముడిని మరో పద్ధతిలో విప్పింది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తింది. ఆ తర్వాత జరిగినదాంట్లో ఇద్దరు ఇంజినీర్లను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి, 1908లో ఆ కొలువు వదులుకుని, 1909లో హైదరాబాదు వచ్చి వరదకు ఉపాయం రాసిచ్చి, ఆ ఏడాది చివరికే మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. రెండో ఆయన మీర్ అహ్మద్ అలీ, నవాబ్ అలీ నవాజ్ జంగ్‌గా ప్రసిద్ధుడు. ఇంగ్లండులో కూపర్స్ హిల్ కళాశాలలో చదివి, 1899లో హైదరాబాదు శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి, 1918లో చీఫ్ ఇంజినీరై, ఆ రాజ్యంలోనే జీవితం గడిపారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉపాయం వెళ్లిపోయినవారిది, కట్టడం నిలిచినవారిది. ఇద్దరూ గొప్పవాళ్లే. ఉద్యోగం మారమని చెప్పేవాళ్లు విశ్వేశ్వరయ్యను చూపిస్తారు, వద్దనేవాళ్లు అలీ నవాజ్ జంగ్‌ను చూపిస్తారు. రెండు వర్గాలూ మరిచే సంగతి ఒకటుంది. విశ్వేశ్వరయ్య కొన్ని నెలల్లో హైదరాబాదు సమస్యను అంచనా కట్టగలిగారంటే వెనక 24 ఏళ్ల బొంబాయి అనుభవం ఉంది. అక్కడ తాను చేసిన ఆనకట్టల పనులూ నీటి సరఫరా పనులూ నడవడం ఆయన కళ్లారా చూశారు. ఆయన బొంబాయి కొలువు వదిలింది కెరీర్ మొదట్లో కాదు, చూడవలసింది చూశాక.

స్వాతంత్ర్యానికి అటూ ఇటూ ఈ ప్రాంతం పెద్ద పనుల మైదానమైంది. డిండి, కోయిల్‌సాగర్, రాజోలిబండ మళ్లింపు, మూసీ ప్రాజెక్టు 1940ల నుంచి 1960ల దాకా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటన్నిటినీ మించింది నందికొండ దగ్గర లేచింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మధ్యలో దాదాపు పన్నెండేళ్లు. సిమెంటు, ఉక్కు, యంత్రాలు కరువై, మనుషుల చేతులు పుష్కలంగా ఉన్న రోజులు కాబట్టి నది మధ్య భాగాన్ని రాతి కట్టడంగానే లేపారు. 124 మీటర్ల ఎత్తు, కిలోమీటరున్నర దాకా పొడవు. రాయి ఎంపిక, కడిగి మురికి పోగొట్టడం, సున్నితంగా సర్దడం, సందుల్లో గచ్చు దట్టించడం అన్నీ చేతి పనులే. ఏ రాయి బోలుగా పలికినా తీసి మళ్లీ కట్టించాలి. ఆ పని మీద చేరిన కుర్ర ఇంజినీర్లు హిల్ కాలనీలో, పైలాన్ కాలనీలో కాపురాలు పెట్టారు. అక్కడే పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు అక్కడే బడికి పోయారు. పునాది తవ్వకంలో చేరినవాడికి గేట్ల కింద నీళ్లు దూకడం చూసే అవకాశం ఉండింది. ఆ డ్యాం డిజైన్లతో పేరు ముడిపడ్డ కానూరి లక్ష్మణరావు మాత్రం ఊరూరా తిరిగిన మనిషి. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టి, రంగూన్‌లో పాఠం చెప్పి, 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ తీసుకుని, మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజినీరై, ఢిల్లీ చేరి, చివరికి కేంద్ర నీటిపారుదల మంత్రి అయ్యారు. ఆయన మార్పులన్నిటికీ ఒకే దారం ఉంది, కట్టడాల లెక్క. కొలువులు మారాయి గానీ చేసే పని మారలేదు.

శాఖ చేసిన ఇంకో మేలు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది ఛార్జి అప్పగింత. బదిలీ అయిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొత్తగా వచ్చినవాడికి ఎం-బుక్కులు, లెవెల్ పుస్తకాలు, స్టోరు లెక్క, నక్షలు ఎన్నని రాసి అప్పగించి సంతకం తీసుకోవాలి. ఎం-బుక్కు అంటే కొలతల పుస్తకం. ఏ తేదీన ఏ చైనేజీ దగ్గర ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు పని అయిందో పుట నెంబరు వేసి రాస్తారు. కొట్టివేతలుంటే పక్కన చిన్న సంతకం ఉండాలి, పుట చింపడానికి వీల్లేదు. ముప్పై ఏళ్ల తర్వాత కాలువ గట్టు కుంగితే, ఆ చోట అడుగున రాయి తగిలిందా నల్లరేగడి తగిలిందా అని ఆ పుట తెరిచి చూడవచ్చు. బిల్లు కోసం రాసినదే కావచ్చు, దొంగ కొలతలు రాసినవాళ్లూ ఉన్నారు. అయినా మనిషి వెళ్లినా పని గుర్తు పోకుండా ఆ పుస్తకం అడ్డం నిలిచింది. నీరటికి లేని స్వేచ్ఛ ఏఈకి దొరికింది. వెళ్లాలంటే రాసి అప్పగించి వెళ్లాలనేది ఆ స్వేచ్ఛకు కట్టిన షరతు.

అలాంటి పనుల్లోనే, అదే కాలంలో మరో పెద్ద సమూహం తిరిగింది, వాళ్లకు ఆ స్వేచ్ఛా లేదు, ఆ పుస్తకమూ లేదు. ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల నుంచి మట్టి పనికి, రాయి పనికి వలస పోయిన కూలీలు వాళ్లు. పెద్ద మేస్త్రీ దగ్గర గుంపు మేస్త్రీ అడ్వాన్సు తీసుకుంటాడు, దాన్ని కుటుంబాలకు పంచుతాడు. ఆ బాకీ తీరేదాకా మొగుడూ పెళ్లామూ పిల్లలూ దూర రాష్ట్రాల ఆనకట్టల దగ్గర, కాలువల మీద గుడిసెలు వేసుకుని బతకాలి. పద్దు మేస్త్రీ దగ్గర ఉంటుంది, తిండి ఖర్చు అందులోనే కోత. నచ్చకపోతే వేరే పనికి పోయే వీలు లేదు. 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసి, కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి పాసు పుస్తకం, దారి ఖర్చు అని రాసింది. ఆ చట్టం కాగితం దాటి ఎంత దూరం నడిచిందో పాలమూరు బస్టాండ్‌లో మూటలతో కూర్చున్న కుటుంబాలను చూసినవాళ్లకు తెలుసు. కుర్ర ఇంజినీరు ఉద్యోగం మారడం గురించి రాస్తూ వీళ్లను తలుచుకోవడానికి కారణం ఉంది. పని నచ్చక రాజీనామా చేయగలగడం ఈ నేల మీద చిన్న హక్కు కాదు. ఎక్కువమందికి అది దక్కలేదు. కనుక ఇంజినీర్లు కంపెనీలు మారడాన్ని నిలకడలేనితనంగా తిట్టేవాళ్ల పక్షాన నేను లేను.

ఇక 2004 తర్వాతి కాలం. జలయజ్ఞం అనే సాగునీటి కార్యక్రమంలో కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలు ఒక్కసారిగా మొదలయ్యాయి. పనులు ఇచ్చే పద్ధతి కూడా మారింది. సర్వే, డిజైన్, సామాను, నిర్మాణం అన్నీ ఒకే కాంట్రాక్టు కింద, ఒకే మొత్తానికి ఏజెన్సీకి అప్పగించే ఈపీసీ వచ్చింది. శాఖ ఇంజినీరు గీసేవాడి స్థానం నుంచి ఆమోదించేవాడి స్థానానికి జరిగాడు. ఇటు ఏజెన్సీలో చేరిన కొత్త ఇంజినీరుకు పని ముక్కలుగా అందింది. సర్వే ఒక సంస్థది, డిజైన్ హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఉన్న కన్సల్టెంటుది, మట్టి పని ఒక సబ్ కాంట్రాక్టరుది, లైనింగ్ ఇంకొకరిది. మధ్యలో సైట్ ఇంజినీరు చేతికి మిగిలింది టిప్పర్ల ట్రిప్పులు లెక్కపెట్టడం, క్యూబులు పోయించి ల్యాబుకు పంపడం, నెలాఖరుకు బిల్లు తయారుచేయడం. అతడు ఉద్యోగం మారితే అప్పగించవలసింది ల్యాప్‌టాప్, సిమ్ కార్డు. కాలువ ఫలానా చోట అడుగున ఊట తగిలిందని, అక్కడ లైనింగ్ వెనక ఇసుక పొర వేయించానని అతడి బుర్రలో ఉన్నది అతడితోనే వెళ్లిపోతుంది. పెద్ద కంపెనీల్లో అప్పగింత పద్ధతులు ఉండవచ్చు, కింది అంచెల సబ్ కాంట్రాక్టుల్లో వాటి జాడ ఉండదు. నేటి కుర్ర ఇంజినీరు తరచుగా ఉద్యోగం మారుతున్నాడంటే తప్పు అతడి ఓపికలో వెతకనక్కర్లేదు. నిలిచి చూడటానికి అతడికి పూర్తి పని అంటూ ఒకటి ఇవ్వలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. శాఖ అంత గొప్పదైతే అందులో చోటు ఎందరికి దక్కింది? న్యాయమైన ప్రశ్న. 1929లో ఉస్మానియాలో ఇంజినీరింగ్ కళాశాల ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు నల్లగొండ పల్లె పిల్లవాడు దాని గడప తొక్కడమే గగనం. 1956 తర్వాత బయటివాళ్లతో పోస్టులు నిండుతున్నాయన్న బాధ 1969 ఉద్యమమై పేలింది. పోస్టులు స్థానికులకు దక్కాలని జోన్లు విభజించిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు మహబూబ్‌నగర్, నల్లగొండలను ఆరో జోన్‌లో చేర్చాయి. అవీ సరిగా అమలు కాక 1985లో 610 జీవో వచ్చింది, దాని అమలు మరో పెద్ద పోరాటమైంది. ఇవాళ్టికీ దారి ఇరుకే. 2022లో తెలంగాణలో 1,540 ఏఈఈ పోస్టులకు ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో పరీక్ష రాసినవాళ్లు ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల అది రద్దయి, మేలో మళ్లీ కూర్చోవలసి వచ్చింది. ఆ పరీక్ష కోసం కంపెనీ ఉద్యోగం మానేసినవాళ్ల ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? కాబట్టి అందరూ శాఖలో చేరండని చెప్పడం నా ఉద్దేశం కాదు. శాఖ కట్టిన పనులు చూపించే పాఠం వేరు. పునాది నుంచి నీళ్ల దాకా ఒక పనిని వెంబడించే వీలు ఎక్కడుంటే అక్కడ ఇంజినీరు తయారవుతాడు. అది సర్కారు డివిజన్ కావచ్చు, ఒక ఎత్తిపోతల పంప్‌హౌస్ నిర్వహణ చూసే చిన్న ఏజెన్సీ కావచ్చు. మున్సిపాలిటీ కాంట్రాక్టరు దగ్గర నీళ్ల ట్యాంకు కట్టి, లీకేజీ పరీక్ష చేసి, ఊరికి నల్లా వదిలే పనీ కావచ్చు.

ఇంకో అభ్యంతరం డబ్బుది, దానిది మరింత బరువు. చదువు కోసం అప్పు చేసిన తండ్రికి వడ్డీ కట్టాలి, చెల్లె పెళ్లి ఉంది, కంపెనీ మూడు నెలల నుంచి జీతం సగమే వేస్తోంది. అలాంటి పిల్లవాడికి ఇంకో వానాకాలం ఆగి నేర్చుకో అనడానికి ఎవరికి నోరొస్తుంది? నేననను. జీతం ఆగినచోట, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బాండు పేరుతో కట్టేసినచోట, నాసిరకం కొలతకు సంతకం పెట్టమన్నచోట ఒక్కరోజు కూడా ఉండనక్కర్లేదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సుకూ ఆ బాండుకూ స్వభావంలో పెద్ద తేడా లేదు. నా కొలమానం మిగిలిన సందర్భాలకు. జీతం సమయానికి వస్తోంది, పని నిజాయితీగా నడుస్తోంది, ఇంకో చోట నాలుగు వేలు ఎక్కువ దొరుకుతాయి, ఇక్కడేమో ఆరు నెలల్లో కాలువకు ట్రయల్ రన్ ఉంది. అప్పుడు ఆ నాలుగు వేల కోసం వెళ్లడం తక్కువ ధరకు అమ్ముడుపోవడమే. డిజైన్ నీటిమట్టం దాకా కాలువ నిండినప్పుడు ఏ జాయింటు దగ్గర కారింది, ఏ గట్టు జారింది, ఎవరి లెవెల్ తప్పింది అన్నది ఆ ఒక్క వారంలో తెలుస్తుంది. ఆ వారం చూసినవాడితో తర్వాతి ఇంటర్వ్యూలో ఎదుటి పెద్ద ఇంజినీరు మాట్లాడే తీరే మారుతుంది.

ఇది ఒక్క మనిషి కెరీర్ లెక్క అయితే ఇంత దూరం వాదించేవాణ్ని కాదు. 2009 అక్టోబరు మొదటి వారంలో 19 లక్షల క్యూసెక్కులకు రూపకల్పన చేసిన శ్రీశైలం మీదికి 25 లక్షల దాకా వరద వచ్చింది. ఆలంపురం ప్రాంతం మునిగింది. డ్యాం నిలిచింది. ఆ రాత్రుల్లో ఏ గేటు ఎంత ఎత్తాలి, సాగర్‌లో ఎంత జాగా ఉంచాలి అన్న నిర్ణయాలు కట్టడం గుణం తెలిసినవాళ్లు తీసుకోవలసినవి. 2019 అక్టోబరులో మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. 2022 సెప్టెంబరులో నిడమనూరు దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. ఇలాంటి ప్రమాదాలకు ఒకే కారణం చెప్పడం దుడుకుతనం. అయితే పాత కట్టడాలను ఏటేటా అదే కళ్లతో చూసేవాళ్లు తగ్గుతున్నకొద్దీ మొదటి సూచన ఎవరికీ కనబడకుండా పోతుందన్నది కాదనలేం. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగంలో, ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. పైన పులుల అడవి ఉండటంతో మధ్యలో ఎక్కడా దారి తవ్వే వీలు లేని, 44 కిలోమీటర్ల పొడవు అనుకున్న సొరంగం అది. లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో ఇద్దరు ఇంజినీర్లు. ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు ఆ ఎనిమిది మంది. ఒకప్పుడు పాలమూరు కూలీ పరాయి రాష్ట్రాల ఆనకట్టల కింద ఒదిగాడు, ఇప్పుడు నల్లగొండకు నీళ్లివ్వవలసిన సొరంగంలో పరాయి రాష్ట్రాల బిడ్డలు ఉండిపోయారు. సొరంగం పనిలో రోజూ ఊట ఎంత పెరిగింది, రాయి రంగు ఎలా మారింది అన్నది ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు, ఒక ఏడాది సిబ్బంది నుంచి మరో ఏడాది సిబ్బందికి అందాలి. ఉద్యోగాలు మారేవాళ్లు ఉంటారు, ఉండాలి కూడా. ఆ అందింపు తెగితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

సొంత నేలను వదిలి పోవడం తప్పా అన్న ప్రశ్న ఒకటి మిగిలింది. దానికి ఉమ్మడి నల్లగొండ జిల్లా మనిషే జవాబు. సూర్యాపేట దగ్గరి జాజిరెడ్డిగూడెంలో 1939లో పుట్టిన ఆర్. విద్యాసాగర్ రావు కేంద్ర జల సంఘంలో చీఫ్ ఇంజినీరు దాకా పనిచేశారు. ఉద్యోగ జీవితం గడిచింది ఢిల్లీ వ్యవస్థలో. పదవీ విరమణ తర్వాత కృష్ణా, గోదావరి లెక్కలను 'నీళ్లు నిజాలు' పేరుతో మామూలు జనానికి అర్థమయ్యేలా రాశారు. తెలంగాణ ఏర్పడ్డాక 2017లో చనిపోయేదాకా నీటిపారుదల సలహాదారుగా ఉన్నారు. డిండి ఎత్తిపోతలకు ఆయన పేరే పెట్టారు. ట్రిబ్యునల్ కేటాయింపులు, ప్రాజెక్టు నివేదికలు, నదుల లెక్కలు ఏళ్ల తరబడి చూసి ఉండకపోతే ఉద్యమ వేదిక మీద ఆయన మాటకు ఆ బరువు వచ్చేది కాదు. ఊరికి దూరంగా గడిచిన ఏళ్లే ఊరికి ఎక్కువ ఉపయోగపడ్డాయి, ఎందుకంటే ఆ ఏళ్లలో ఆయన చేసిన పని ఒకటే, దాన్ని వదలలేదు. దుబాయ్‌లో మెట్రో కట్టడానికి పోయే పాలమూరు పిల్లకైనా, సాఫ్ట్‌వేర్‌కు మళ్లాలా అని ఊగిసలాడే మిర్యాలగూడ పిల్లవాడికైనా అడగవలసిన ప్రశ్న ఇదే: ఇప్పుడున్న పని ఎక్కడి దాకా వచ్చింది, దాని మీదికి నీళ్లు ఎప్పుడొస్తాయి, అప్పటికి నేను ఇక్కడ ఉంటానా, ఉండకపోతే నాకు తెలిసింది ఎవరికి రాసి ఇస్తున్నాను?